ఈ వేసవికి ఒక పని



రాజ్ రెడ్డి గారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రైతు బిడ్డ. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆస్ట్రేలియాలో చదివి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో చేరారు. ఆయన గురువు జాన్ మెకార్తీ. 1956 వేసవిలో డార్ట్‌మత్‌లో జరిగిన కృత్రిమ మేధ పరిశోధనను తలపెట్టిన నలుగురిలో ఒకరు. మనిషి మాటను కంప్యూటరు ఎలా గుర్తుపట్టాలన్నదే శిష్యుడి పరిశోధన. 1966లో పీహెచ్‌డీ, 1994లో ట్యూరింగ్ అవార్డు.

ఇప్పుడు ఫోను తెలుగు వింటోంది. మన కోయ, గోండి, సవర మాటలు దానికి ఎవరు నేర్పాలి? హాస్టల్‌కొచ్చాక ఇంటి భాష మాట్లాడ్డానికి సిగ్గుపడే పిల్లల్ని రోజూ చూస్తున్నాను. ఆ భాష వచ్చినవాళ్లు లేకుండా ఈ పని జరగదమ్మా. సెలవులకు వెళ్లినప్పుడు అవ్వ చెప్పే కథలు, విత్తనాల పేర్లు ఆమెనడిగి రికార్డు చేయండి. పక్కన అర్థం రాసుకోండి. అదీ పరిశోధనే.