జాతరలతో లెక్కపెట్టిన అవ్వ

 

మా అవ్వ గురించి మాట్లాడమన్నారు. అవ్వంటే మా అమ్మ వాళ్ళమ్మ. మాది జూలూరుపాడు పక్క గూడెం. ఆమె పేరు ఇక్కడ చెప్పను. గూడెంలో కూడా ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. కోయగూడెంలోనూ పక్క తండాలోనూ అందరికీ ఆమె అవ్వే.

అవ్వకు చదువు రాదు. గోడకు క్యాలెండర్ ఉండేది గానీ దాని మీద పాల లెక్క మా మామ రాసుకునేవాడు. ఆమె లెక్కంతా మేడారం జాతరతోనే. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి వచ్చే జాతర కదా, ఏదైనా జరిగితే ఫలానా జాతరకు ముందా, వెనకా అనేది. మా అమ్మ ఎప్పుడు పుట్టిందని అడిగితే, "జాతర నుంచొచ్చి ఇప్పపువ్వు ఏరబోయేటప్పుడు నొప్పులొచ్చినయి" అని చెప్పేది. బడిలో మాత్రం సారు జూలై 1 అని రాసుకున్నాడు. మన ఊళ్ళల్లో సగం మంది జూలై ఒకటినో జనవరి ఒకటినో పుట్టినవాళ్ళే కదా! నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఆమె లెక్క పట్టుకుని వెనక్కి పోతే అమ్మ పుట్టింది 1968 అని తేలింది. బడి రికార్డులో 1971 ఉంది. నేను అవ్వ లెక్కనే నమ్ముతాను.

ఎడ్లబండ్ల కాలంలో గుండాల అడవి దారిన పోయేవారట. నాకు తెలిసినప్పటికి బస్సులొచ్చాయి. కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వచ్చేరోజు ఒక పొద్దు ఉండేది. మర్నాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చేదాకా కన్ను మూసేది కాదు. నిలువెత్తు బంగారం ఇచ్చే స్తోమత లేదు, పిడికెడు బెల్లంముద్ద ఇచ్చేది. తిరిగొచ్చినాక ఆ బంగారాన్ని చిటికెడు చిటికెడు చేసి తండాలో కూడా ప్రతి ఇంటికీ పంచేది. ఎవరింట్లోనైనా ముసలివాళ్ళు మంచంలో ఉంటే ముందు వాళ్ళకు. పంచడం అయ్యేదాకా ఇంట్లో మాకు పెట్టేది కాదు. ఆ ఒక్క విషయంలో ఆమె మీద నాకు చిన్నప్పుడు చాలా కోపం.

ఇంకో కోపం మామిడికాయ మీద. కొత్త పండుగ చేసి వేల్పులకు పెట్టకముందు కాయ కొరకొద్దు. నేను ఎనిమిదేళ్ళప్పుడు దొంగతనంగా కోసుకుని తింటూ దొరికిపోయాను. కొడుతుందనుకున్నా. కాయ చేతిలోకి తీసుకుని గోటితో టెంకను నొక్కి చూసి, "ఇగో, టెంక ముదరలే. గింజ బతకకముందే తినేస్తే రేపు చెట్టెక్కడిది బిడ్డా?" అన్నది. పండుగ ఎందుకు చేస్తామో నాకు అర్థమైంది ఆ రోజే. చిక్కుడుకు కొత్త, ఇప్పపువ్వుకు మొక్కు, విత్తనం చల్లేముందు భూమి పండుగ, అన్నిటికీ ఆమె దగ్గర ఇలాంటి ఒక్క ముక్క జవాబు ఉండేది.

అసలు చెప్పాలనుకున్నది వేరే.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2008లో నియమాలు వచ్చాయి. మీలో చాలామందికి తాతల పేరు మీదున్న పోడు పట్టా కాగితం మాత్రమే తెలిసి ఉంటుంది, దాని వెనక సంగతి తెలియదు. ఆదివాసులు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగు చేసుకుంటున్న భూమికే హక్కు. గ్రామసభ పెట్టి హక్కుల కమిటీని ఎన్నుకోవాలి, అందులో మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్ళుండాలి. ఒక్క రుజువు చాలదు, ఒకటికి మించి చూపాలి. జరిమానా రసీదులు, పాత రికార్డులు మనవాళ్ళ దగ్గర ఎక్కడివి? అయితే ఆ నియమాల్లోనే ఇంకో దారి ఉంది. పాత బావులు, బొందలగడ్డలు, పూజించే చోట్లు రుజువులే. దరఖాస్తు పెట్టినవారు కాక వేరే పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ రుజువే. అంటే మా అవ్వ నోటిమాటకు సర్కారు కాగితం విలువ వచ్చిందన్నమాట.

దరఖాస్తు మామది. కమిటీవాళ్ళు వచ్చినప్పుడు అవ్వ ముందు నడిచింది. ఇప్పచెట్టు కింద వేల్పుల చోటు చూపించింది. మా తాత తండ్రికి నిలబెట్టిన రాయి చూపించింది. "పెద్ద చెలక కొట్టిన ఏడు నా బిడ్డ ఇంకా చంకలనే ఉంది. అప్పటి సంది పందొమ్మిది జాతరలు చూసిన" అన్నది. రాసేవాళ్ళు వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నారు. ఇరుగుపొరుగు చెలకలకు కూడా ఆమే చెప్పింది. అంతదాకా అందరికీ సంతోషమే.

వాగు అవతల రెండెకరాల ముక్క దగ్గరికి వచ్చాం. అది ఎప్పుడు కొట్టారని అడిగారు. "మొన్నటి జాతర కాదు, దాని ముందటి జాతర నుంచొచ్చి, బంగారం పంచినాక వీడు గొడ్డలి పట్టిండు" అన్నది. ఆ జాతర 2006 ఫిబ్రవరిది. చట్టం పెట్టిన గీతకు రెండే నెలలు అవతల.

కమిటీలో మావాడే ఒకాయన మెల్లగా అందించాడు. "అవ్వా, జాతరకు పోకముందే కదా? యాది చేసుకో." మామ నేల చూస్తున్నాడు. నాకు గుండె దడదడ. ఒక్క మాట మార్చితే రెండెకరాలు.

"వేల్పులను చూపించిన నోరే కదా ఇది. దీన్నే రెండు మాటలు ఆడమంటే ఎట్లరా? రేపు కొత్త పెట్టేటప్పుడు ఏం చెప్పుకోవాలె?" అన్నది.

పెద్ద చెలకకు పట్టా వచ్చింది, చట్టం చెప్పినట్టు మామ పేరు, అత్త పేరు రెండూ కలిపి. వాగు అవతలి ముక్క పోయింది. మామ రెండేళ్ళు అవ్వతో మాట్లాడలేదు. అన్నం పెట్టేవాడు, మాట్లాడేవాడు కాదు. 2010 జాతరకు ఆమె మా అమ్మతోనే పోయింది. తన కొడుకు పిల్లల నోటికాడి కూడు తనే తీసిందని ఆమెను అన్నవాళ్ళున్నారు, అందులో మా నాన్న కూడా ఉన్నాడు. ఆమె చేసింది ఒప్పా తప్పా అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. మామ పిల్లల చదువు ఆ రెండెకరాల పత్తి మీద సాగేది. అందుకే ఒప్పు అని నేను తేలిగ్గా అనలేను. కానీ ఆ రోజు ఆమె మాట నిలబడింది కాబట్టే ఇరుగుపొరుగువాళ్ళ చెలకల గురించి చెప్పిందాన్ని ఎవరూ కాదనలేకపోయారు. అబద్ధమని తేలితే ఒక్క ముక్కతో ఆగేదా?

అవ్వ దీని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. మామ బంగారం తీసుకోనన్న ఏడాది, ఆయన వాటాను ఆకులో చుట్టి ఉట్టి మీద పెట్టింది. అది అక్కడే కరిగి చీమలు పట్టింది.

2024 ఫిబ్రవరి జాతర ఆమెకు చివరిది. నడవలేకపోతే మామే భుజం పట్టి జంపన్నవాగులో స్నానం చేయించాడు.

దినాల రోజు ఏ రాయి తేవాలి, ఎక్కడ నిలబెట్టాలి అని పెద్దలు మాట్లాడుకుంటున్నారు. మామ ఏమీ అనకుండా లేచి వాగు దాటిపోయాడు. ఆ రెండెకరాల్లో ఇప్పుడు చెట్లు మొలిచి మళ్ళీ అడవైంది. అక్కడి నుంచే ఒక రాయిని నలుగురితో మోయించుకొచ్చి తాత రాయి పక్కన పెట్టించాడు. ఎప్పుడు పోయిందని రాసుకోవడానికి ఎవరో అడిగితే తేదీ చెప్పలేదు. "జాతర నుంచొచ్చి, బంగారం పంచినాక" అన్నాడు.