బండి ఎత్తూ, టైరు కొలతా

టెక్కలి, పలాసల పక్కగా పోయే 16వ నెంబరు జాతీయ రహదారిపై వున్నంతసేపు బండి నేలకు ఎంత ఎత్తున వున్నదనే విచారం ఎవరికీ కలుగదు. రహదారి విడిచి తూర్పుగా వజ్రపుకొత్తూరు వైపు దిగితే ఉద్దానపు కొబ్బరితోటలూ, జీడితోటలూ, సముద్రపు ఇసుకా ఎదురవుతాయి. పడమటగా మహేంద్రగిరి పాదానికి పోతే రాళ్ళబాట వస్తుంది. ఈ దారులకు తగినట్లు జీపును ఎత్తుచేయించి, పెద్దటైర్లు వేయించుకోవాలన్న ముచ్చట ఈనాడు చాలామందికి వున్నది. అందులోని లెక్క ఏమిటో విచారిద్దాం.

కమానులనూ, స్ప్రింగులనూ ఎత్తుచేయిస్తే పైకి లేచేది బండి చట్రమే గాని ఇరుసు కాదు. పాతజీపులకు ముందూ వెనుకా, చాలా కొత్త జీపులకు వెనుకా ఇరుసు మధ్య ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్ వున్నచోటనే వుంటుంది. రాతికి ముందుగా తగిలేది తరచుగా అదే. దానిని పైకెత్తగలిగేది టైరు ఒక్కటే. అదైనా పెరిగిన వ్యాసంలో సగమే. స్ప్రింగుల ఎత్తు చేసే ఉపకారం వేరు: పెద్దటైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా తిరగడానికి అది చోటు కల్పిస్తుంది.

ఉదాహరణకు 245/75 ఆర్ 16 అనే టైరు తీసుకోండి. వెడల్పు 245 మిల్లీమీటర్లు. అందులో నూటికి 75 వంతులు పక్కగోడ ఎత్తు. రిమ్ము 16 అంగుళాలు. మొత్తం వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు. దీనికి బదులు 265/75 ఆర్ 16 వేస్తే 804 అవుతుంది. పెరిగినది 30, ఇరుసుక్రింద మనకు దక్కినది 15, అనగా వ్రేలి మందం. ఇంతమాత్రానికే స్పీడోమీటరు 60 చూపుతుండగా బండి 62 దాటి పోతుంది. టైరు ఇంకా పెద్దదైతే ఎక్కుడులో ఇంజను బరువుగా లాగుతుంది. బ్రేకులపై భారం పెరుగుతుంది. కనుక అవసరమైన టైరును ముందు నిర్ణయించి, అది తిరగడానికి ఎంత చోటు కావాలో అంతే ఎత్తు చేయాలి.

ఇక ఉద్దానపు ఇసుక. ఇక్కడ ఎత్తు కంటే గాలి ముఖ్యం. రహదారిపై 30 పాయింట్లు వుండే గాలిని 18 వరకు తగ్గిస్తే టైరు అడుగు పొడవుగా సాగుతుంది, బరువు పరచుకుంటుంది. చక్రం ఇసుకను త్రవ్వుకుంటూ దిగబడక పైపైన సాగిపోతుంది. అప్పుడు వేగమూ, గబుక్కున మలుపు త్రిప్పడమూ పనికిరావు. తారురోడ్డు ఎక్కగానే తిరిగి గాలి పట్టించాలి. లేకుంటే టైరు వేడెక్కి చెడుతుంది. ఇందుకు కావలసినవి ఒక గేజీ, ఒక పంపు మాత్రమే.

ఇది కేవలం వినోదానికి సంబంధించిన విషయం కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు చెట్లు కూలి ఉద్దానపు దారులు మూసుకుపోయాయి. కిడ్నీ వ్యాధి పీడిస్తున్న ఈ ప్రాంతంలో డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు పోవలసినవారికి దారి ప్రాణంతో సమానం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైనది. అయినా ఇంటిముందరి ఇసుకబాట దాటితేగదా ఆస్పత్రి! అటువంటి రోగిని తీసుకుపోయే బండి మలుపులో ఒరగరాదు. చట్రం లేచినకొద్దీ బరువు పైకి చేరుతుంది. ఒరిగే ప్రమాదమూ పెరుగుతుంది.

తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని 1988 మోటారువాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తున్నదని కూడా గుర్తుంచుకోవాలి. మెకానిక్కు దగ్గరకు పోయేముందు మీ దారి ఇసుకో, రాయో చూసుకోండి. ఇసుకైతే ముందుగా టైరులో గాలి చూడండి. బండిని ఎత్తుచేసే ఆలోచన ఆ తరువాతిది.