టీచరమ్మ, మంత్రి, తల్లి
(మహిళా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎవరైనా ఒక మహిళ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను గోల్డా మెయిర్‌ను ఎంచుకున్నాను. 1969 నుండి 1974 వరకు ఆమె ఇజ్రాయెల్ ప్రధాని అని మీకు తెలుసు. ఆమె రాజకీయాల మీద, ముఖ్యంగా పాలస్తీనా ప్రజల పట్ల ఆమె వైఖరి మీద తీవ్రమైన విమర్శలున్నాయి. అది వేరే చర్చ. ఈ రోజు నేను చెప్పేది ఉద్యోగం చేసిన ఒక తల్లి కథ.

ఆమె 1898లో కీవ్‌లో ఒక వడ్రంగి ఇంట పుట్టారు. 1906లో కుటుంబం అమెరికాలోని మిల్వాకీకి వలస వెళ్ళింది. ఆడపిల్లకు హైస్కూలు చదువెందుకు, పెళ్ళి చేద్దామన్నది తల్లి. ఆ పిల్ల ఇల్లు విడిచి డెన్వర్‌లోని అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. చివరికి తల్లిదండ్రులే దిగివచ్చారు. టీచర్ ట్రైనింగులో చేరి, మిల్వాకీలోనే పిల్లలకు యిడ్డిష్ భాష నేర్పారు. 1917లో వివాహం. 1921లో భర్తతో పాలస్తీనా ప్రయాణం.

జెరూసలేంలో కాపురం. 1924లో కొడుకు, 1926లో కూతురు. భర్త సంపాదన చాలేది కాదు. కొడుకు నర్సరీ ఫీజు కట్టలేక, ఆ బడి పిల్లల బట్టలన్నీ తానే ఉతికి ఫీజు కింద జమ వేయించుకున్నారు.

1928లో మహిళా కార్మికుల మండలికి కార్యదర్శి అయ్యారు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం. తల్లి పనికి వెళితే మనసులో జరిగే పోరాటం గురించి 1930 ప్రాంతంలో పేరు పెట్టకుండా ఒక వ్యాసం రాశారు. ఇంతలో కూతురికి మూత్రపిండాల జబ్బు ముదిరింది. 1932లో అమెరికాలో పని అడిగి వేయించుకుని, పిల్లలిద్దరినీ తీసుకువెళ్ళి వైద్యం చేయించారు. బిడ్డ కోలుకుంది. కాని అక్కడా ఉద్యోగం ఆమెను ఊళ్ళు తిప్పుతూనే ఉంది.

1949లో కార్మిక మంత్రి అయ్యారు. 1953లో జాతీయ బీమా చట్టం వచ్చింది. 1954 ఏప్రిల్ నుండి అమలైంది. అందులో ఏమున్నాయో వినండి: వృద్ధాప్య పెన్షను, ఇంటి పెద్ద పోతే కుటుంబానికి భృతి, పనిలో గాయపడితే పరిహారం, ప్రసూతి సమయంలో సాయం. బట్టలుతికి ఫీజు కట్టిన తల్లికి ఇవి ఎందుకు అవసరమో ఎవరూ ఫైలులో రాసి చెప్పనక్కరలేదు. ఒకటో తారీఖు విలువ తెలిసిన మనకూ చెప్పనక్కరలేదు.

కొడుకు సెల్లో వాద్యకారుడయ్యాడు, తల్లి గురించి పుస్తకం రాశాడు. అయినా పిల్లలకు తగినంత సమయం ఇవ్వలేదన్న బాధ ఆమెను విడవలేదు. 1975లో వచ్చిన ఆత్మకథలోనూ దానిని దాచుకోలేదు. 1978లో కన్నుమూశారు.

నా సంగతి ఒక్కమాట. చిన్నవాడికి జ్వరంగా ఉంటే పక్కింటి పిన్నిగారికి అప్పగించి బస్సెక్కిన ఉదయం నాకింకా గుర్తే. వాడికిప్పుడు గుర్తులేదు. ఈ సభలోని అక్కచెల్లెళ్ళందరికీ అలాంటి ఉదయం ఒకటి ఉండే ఉంటుంది. అది మన తప్పని ఇన్నాళ్ళూ మోశాము. ప్రధాని అయిన ఆవిడకూ అది తప్పలేదు. ఇకనైనా దించుకుందాం.

అన్నయ్యలకు ఒక మనవి. ఈ పూట ఇంటికెళ్ళి, ఉద్యోగం చేస్తున్న మీ కోడలిని, కూతురిని, "పిల్లవాణ్ణి నేను చూస్తాను, నువ్వు వెళ్ళిరామ్మా" అనండి. మన పెన్షనుకు అంతకంటే మంచి వినియోగం లేదు.