వినని కథ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

 

మనిషిని చూసి తీర్పు చెప్పడం తేలిక, అతని కథ వినడం కష్టం. గాంధీజీ తన ఆత్మకథను 1925 నుంచి 1929 వరకు ‘నవజీవన్’ పత్రికలో ప్రకటించారు. 15 ఏళ్ళ వయస్సులో అన్నగారి కడియంలోంచి బంగారం ముక్క దొంగిలించిన సంగతి అందులో దాచలేదు. తప్పు ఒప్పుకుంటూ చీటీ రాసి, జబ్బుతో మంచం మీదున్న తండ్రి చేతికిచ్చారు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కన్నీరు కార్చి చీటీ చింపేశారు. ఈ కథ చెప్పుకున్నందువల్ల గాంధీజీ మన కళ్ళల్లో చిన్నవారు కాలేదు.

ఇక మన సంగతి. ఒక ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూస్తూ, మార్కులు తక్కువని ఒక కుర్రవాడి పేరు కొట్టేశాము. “చదువు మీద శ్రద్ధ లేదు” అని రాశాము కూడా. మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది. “సాబ్, వాడు రాత్రంతా మార్కెట్టులో మూటలు మోసి, పొద్దున్నే బడికి పోతాడు” అన్నది. మేము తలలు వంచుకున్నాము. పేరు మళ్ళీ చేర్చాము. మేము రాసినది అతని కథ కాదు, మా తొందరపాటు కథ.

కనుక మా మనవి ఒక్కటే. ఏ దరఖాస్తునైనా తోసిపుచ్చే ముందు ఆ ఇంటికి వెళదాం. వారి కథ వారి నోటనే విందాం. మన పొరపాట్లు కూడా దాచుకోకుండా చెప్పుకుందాం.