చెక్ బౌన్స్ కేసు గెలిచారు, మరి డబ్బు ఎప్పుడొస్తుంది?

పామూరు నుంచి మాట్లాడుతున్నాను. చెక్కు బౌన్స్ అయితే ముందు ఏం చెయ్యాలో మీకు తెలిసే ఉంటుంది. చెక్కు వెనక్కి వచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక అవతలి వ్యక్తికి 15 రోజులు టైము ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వెయ్యాలి. ఇవాళ ఆ తర్వాతి సంగతి చెప్పుకుందాం.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు వద్దులెండి. గొర్రెలు అమ్మితే వ్యాపారి 3 లక్షలకు చెక్కు ఇచ్చాడు. ఖాతాలో డబ్బుల్లేవని అది తిరిగొచ్చింది. కేసు వేశాం, గెలిచాం. తీర్పు రోజు కోర్టు మెట్లు దిగుతా ఆయన నన్నొకటే అడిగాడు: "గెలిచామంటివి గదా అబ్బయ్యా, మరి డబ్బులేయి?"

నిజం చెప్పాలంటే తీర్పు కాగితం వేరు, డబ్బు వేరు. రెండింటి మధ్యలో గడువులు ఉంటాయి. ఆ గడువులు తెలియకపోతే గెలిచినవాడు కూడా నష్టపోతాడు.

మొదటి అవకాశం కేసు నడుస్తుండగానే వస్తుంది. 2018 సెప్టెంబరు 1 నుంచి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 143ఎ సెక్షన్ వచ్చింది. నిందితుడు "నేను తప్పు చెయ్యలేదు" అన్నాక, చెక్కు మొత్తంలో 20 శాతం మించకుండా మధ్యంతర పరిహారం ఇవ్వమని కోర్టు చెప్పొచ్చు. చెప్పొచ్చు అన్నాను, చెప్పి తీరాలి అనలేదు. ఇది కోర్టు విచక్షణ అని 2024లో సుప్రీంకోర్టు రాకేశ్ రంజన్ శ్రీవాస్తవ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి ఎందుకు ఇప్పించాలో మన పిటిషన్‌లో కారణాలు రాయాలి.

ఇప్పించమంటే 60 రోజుల్లో కట్టాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు, అంతే. మా పెద్దాయన కేసులో ఉత్తర్వు 60 వేలకు వచ్చింది. వ్యాపారి 58వ రోజున టైము కావాలని పిటిషన్ వేశాడు, కోర్టు 30 రోజులు ఇచ్చింది. చివరి వారంలో కట్టాడు. కట్టకపోతే? జరిమానా వసూలు చేసినట్టే వసూలు చెయ్యొచ్చు. అంతేగానీ, కట్టలేదని నిందితుడికి సాక్షుల్ని ప్రశ్నించే హక్కు తీసెయ్యకూడదు. 2022లో నూర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది.

రెండోది తీర్పు రోజు. 138 సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ వెయ్యొచ్చు. మన ప్రాంతంలోనే చూడండి. 2024 ఫిబ్రవరిలో ఒంగోలు కోర్టు సినీ నిర్మాత బండ్ల గణేశ్‌కు ఏడాది జైలు, 95 లక్షల జరిమానా వేసి, అప్పీలుకు నెల గడువిచ్చింది. అది కింది కోర్టు తీర్పు, పై కోర్టుకు వెళ్లే హక్కు ఆయనకుంటుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. జరిమానా పడితే ఆ డబ్బు మనకే వస్తుందనుకుంటారు. కాదు, అది ప్రభుత్వానికి పోతుంది. అందులోంచి ఫిర్యాదికి పరిహారం ఇవ్వాలని తీర్పులో రాసి ఉండాలి. చెక్కు మొత్తం, దాని మీద ఏడాదికి 9 శాతం సాధారణ వడ్డీ లెక్కన పరిహారం చూడమని 2011లో ఆర్. విజయన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పుకు ముందే మీ లాయరుతో ఈ మాట అడిగించండి.

మూడోది అప్పీలు. అప్పీలు తేలేదాకా జరిమానాలోంచి పరిహారం చేతికి రాదు. కానీ 148 సెక్షన్ కింద, కనీసం 20 శాతం డిపాజిట్ చెయ్యమని పై కోర్టు చెప్పొచ్చు. ముందు కట్టిన మధ్యంతర పరిహారానికి ఇది అదనం. గడువు మళ్లీ 60, ఆపైన 30 రోజులు. మా కేసులో జరిమానా 4 లక్షలు, డిపాజిట్ 80 వేలు. పిటిషన్ వేసి ఆ డబ్బు పెద్దాయనకు విడిపించాం. రేపు నిందితుడు నిర్దోషి అని తేలితే మాత్రం వడ్డీతో వెనక్కి ఇవ్వాలి, అది గుర్తుంచుకోండి.

ఇక అప్పు పడినవాళ్లకు ఒక మాట. గడువు అడగడం నేరం కాదు. జైలు లేకుండా జరిమానా మాత్రమే వేస్తే, బాండు రాయించుకుని రెండు మూడు వాయిదాల్లో కట్టుకోమని కోర్టు చెప్పొచ్చు. అయితే గడువు దాటాక కాదు, దాటకముందే అడగండి. కొంత డబ్బు కట్టి మరీ అడగండి. "జైలుకు పోయొస్తే అప్పు తీరిపోతుంది" అనేది మాత్రం నమ్మొద్దు. పరిహారం కట్టనందుకు జైల్లో ఉండొచ్చినా ఆ పరిహారం వసూలు చెయ్యొచ్చని 2017లో కుమరన్ కేసులో తేలింది.

మా పెద్దాయన సంగతి చివరికి లోక్ అదాలత్‌లో తేలింది. 4 లక్షల్లో అప్పటికి 1,40,000 వచ్చింది. మిగతా 2,60,000కు బదులు 2 లక్షలు, నాలుగు వాయిదాల్లో. అంటే 60 వేలు వదులుకున్నాడు. నాకు మనసు ఒప్పలేదు. ఆయనే అన్నాడు, "పోయినయ్ పోనీ అబ్బయ్యా, చేతికొచ్చినయ్యే నాయి" అని. వాయిదాల తేదీలు అవార్డులో రాయించాం. అవార్డు సివిల్ డిక్రీతో సమానం, తప్పితే అమలు పిటిషన్ వెయ్యొచ్చు. నోటిమాట ఒప్పందానికి ఆ బలం ఉండదు.

ఇదీ సంగతి. మీ కేసులో తేదీలు తేడా ఉండొచ్చు, కాగితాలు పట్టుకుని లాయరును కలవండి. లాయరుకు ఇచ్చుకోలేనివాళ్లు మండల న్యాయసేవాధికార కమిటీని అడగండి, అర్హత ఉంటే ఉచితంగా పెడతారు. వచ్చే ఎపిసోడ్‌లో ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇస్తే ఏమవుతుందో చెప్పుకుందాం. సెలవు, నమస్కారం.