నెమలికన్ను పిల్లలు పెడుతుందా?



మన చిన్ననాటి నమ్మకాలను తలచుకొంటే నవ్వు రాక మానదు. నెమలికన్నును పుస్తకంలో దాచి, ఆకుముక్క మేతగా పెడితే పిల్లలు పెడుతుందని మనలో ఎందరమో ఎదురుచూచాము. పెన్సిలు చెక్కిన పొట్టును పాలలో నానబెడితే రబ్బరు అవుతుందనుకొన్నాము. ఇద్దరి తలలు ఒకసారి తగిలితే కొమ్ములు మొలుస్తాయని భయపడి, వెంటనే రెండవసారి కూడా ఢీకొట్టుకొన్నాము. 1948లో విజయవాడ రేడియో కేంద్రము మొదలైన తరువాత, ఆ పెట్టెలో చిన్న చిన్న మనుషులు కూర్చుండి పాడుతున్నారనుకొన్న పిల్లలకూ కొదువ లేదు.

ఇదంతా తెలివితక్కువతనమా? కానే కాదు. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు జాన్ పియాజే పిల్లలను ఓపికతో ప్రశ్నించి, వారు లోకాన్ని ఎట్లు అర్థము చేసికొంటారో 1926లో గ్రంథముగా వెలువరించారు. నడుస్తూ ఉంటే చంద్రుడు వెంట వస్తాడని అక్కడి పిల్లలు కూడా చెప్పారు. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున ఉన్నాడు. మనము ఫర్లాంగు నడిచినా అతడున్న దిక్కు మారినట్లు కంటికి తోచదు. దగ్గరి చెట్లు మాత్రము వెనుకకు పోతాయి. అనగా పిల్లవాడు చూచినది సరియే. చెప్పుకొన్న కారణమే వేరు.

అయితే అన్ని నమ్మకాలూ నవ్వి వదిలివేయదగినవి కావు. పియాజే 1932లో మరియొక గ్రంథములో ఒక సంగతి వ్రాశారు. ఒక బాలుడు ఆపిల్ పండ్లు దొంగిలించి పారిపోతూ పాతబడిన వంతెన ఎక్కగా అది విరిగి నీళ్ళలో పడ్డాడు. దొంగతనము చేయకుంటే వంతెన విరిగేదా అని అడిగితే, చిన్నపిల్లలలో చాలామంది విరిగేది కాదన్నారు.

ఈ ఆలోచనే కష్టకాలములో పసిమనస్సుకు బరువవుతుంది. తల్లి మంచము పట్టితే, తన అల్లరి వలననే జబ్బు చేసిందనుకొంటాడు పిల్లవాడు. తమ్ముడు చనిపోతే, నిన్న వానితో పోట్లాడినందుకే అనుకొంటాడు. పైకి మాత్రము చెప్పడు. మనము వానిని పొరుగింటికి పంపి, గొంతు తగ్గించి మాట్లాడుకొంటాము. "తాతయ్య ఊరికి వెళ్ళాడు" అంటాము. వాడు గుమ్మములో కూర్చుండి ఎదురుచూస్తాడు. "నీవు మాట వినకనే నాకీ జబ్బు" అని విసుగులో మనమే అనడమూ కలదు. ఆ మాట మనము మరచిపోతాము, వాడు మరువడు.

కనుక పెద్దలమైన మనము రెండు పనులు చేయుదము. పిల్లవాడు వింత మాట అన్నప్పుడు నలుగురిలో నవ్వక, "నీకట్లు ఎందుకనిపించింది?" అని అడుగుదము. ఇంటికి జబ్బుగాని మరణముగాని వచ్చినప్పుడు, వాడు అడుగకపోయినా దగ్గర కూర్చుండబెట్టుకొని, జరిగినది తేట మాటలలో చెప్పి, "ఇది నీ వలన కాలేదు నాన్నా" అందాము. ఒక్కసారి చెప్పితే చాలదు. మరల మరల చెప్పాలి.