కొత్త దారిబత్తెము
(ప్రసంగ పాఠము)



తెలుగిండ్లలో ప్రయాణమనగానే మొట్టమొదట సిద్ధమగునది దారిబత్తెము. పులిహోర పొట్లము, పెరుగన్నము, నాలుగు అరిసెలు, మరచెంబు నిండ నీళ్లు. ఇవి లేక గడప దాటుట పెద్దల కాలమున లేదు. రాయ్‌పూర్ నుండి పార్వతీపురమునకో, బొబ్బిలికో, విజయనగరమునకో పోవు కుటుంబములలో ఈ ఆచారము నేటికిని చెడలేదు. అయితే ఆ సంచిలో ఇటీవల మరియొక వస్తువు చేరినది. అది కంటికి కానరాదు, తూకమునకు రాదు. చేతిలోని ఫోనునందు నిండియుండు విద్యుత్తే ఆ వస్తువు. అన్నము తరిగినయెడల కాంటాబాంజీలోనో, టిట్లాగఢ్‌లోనో ఏదియో కొని ఆకలి తీర్చుకొనవచ్చును. విద్యుత్తు తరిగినయెడల ప్లాటుఫారముపై దానిని బుట్టలో పెట్టి అమ్మువారు లేరు.

ఇంత చిన్న విషయమునకు సాంస్కృతిక సంఘ సభలో చోటేల అని కొందరికి తోచవచ్చును. ఒక సంగతి గమనింపవలెను. పూర్వము ప్రయాణికుని టికెట్టు జేబులో నుండెడిది. పైకము రొంటిలోనో, కొంగుముడిలోనో ఉండెడిది. పోవలసిన యింటి చిరునామా పాత పోస్టుకార్డుమీద ఉండెడిది. బంధువుల పేర్లు నాలుకమీద నుండెడివి. దొంగ ఒకటి అపహరించినను తక్కినవి మిగిలెడివి. నేడు నాలుగును ఒక్క చోటికే చేరినవి. టికెట్టు ఫోనులోనే వచ్చుచున్నది. 2016లో వచ్చిన యు.పి.ఐ. విధానముతో పైకమును అందులోనే చేరినది. డిజిలాకరులోని ఆధార్‌ను గుర్తింపు పత్రముగా 2018 నుండి రైల్వేవారు అంగీకరించుచున్నారు. ఇక టెలిఫోను సంఖ్యల మాట చెప్పనక్కరలేదు. సొంత భార్య సంఖ్యను కంఠతా చెప్పగల గృహస్థులు ఈ సభలో ఎందరున్నారో చేతులెత్తించి చూడవచ్చును. అందుచేత ఫోను ఆరిపోవుట అనగా ఒక దీపము ఆరుట కాదు; ఇంటిలోని గదులన్నియు ఒక్కమారు చీకటియగుట.

రాయ్‌పూర్–విజయనగరము మార్గము తెలుగువారికి పుట్టింటి దారివంటిది. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కాలమున విజయనగరము నుండి పార్వతీపురము వరకు 1908–09లో బండి నడచినది. పార్వతీపురము నుండి రాయ్‌పూర్ వరకు గల భాగము 1931లో పూర్తియైనది. విశాఖపట్టణము వరకు దూరము సుమారు 530 కిలోమీటర్లు. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖపట్టణముల మధ్య ప్రారంభమైన వందే భారత్ రైలు పగటివేళనే దుర్గ్ నుండి విశాఖకు సుమారు ఎనిమిది గంటలలో చేర్చుచున్నది. అందు ప్రతి ఆసనమువద్దను సాకెట్టు కలదు. దానిలో పోవువారికి ఈ ప్రసంగముతో అంతగా పనిలేదు. కాని సామాన్య కుటుంబములు ఎక్కువగా ఎక్కునది స్లీపరు పెట్టె. రాయ్‌పూర్‌లో రాత్రి ఎక్కి కొండలు, అడవులు గడచి, తెల్లవారుసరికి తెలుగుమాట వినవచ్చు ఊళ్లకు చేరు ప్రయాణము. అసలు చిక్కు అక్కడనే యున్నది.

డెబ్బది యేండ్ల తల్లి యొకతె పండుగకు కుమారుని యింటికి వచ్చి, ఒంటరిగా పార్వతీపురమునకు మరలుచున్నదని ఊహింపుడు. కుమారుడు స్టేషనుకు వచ్చి సీటు చూపి, సంచి క్రింద సర్ది, "అమ్మా, దిగగానే ఫోను చెయ్యి" అని చెప్పి దిగిపోయినాడు. సాయంకాలమంతయు మనుమలు ఆ ఫోనులో బొమ్మలు చూచినారు. బండి కదలునప్పటికి అందు సగమే మిగిలినది. మహాసముంద్ దాటిన పిదప నగరముల వెలుగు తగ్గును. పలుచోట్ల సంకేతము బలహీనమగును. సంకేతము దొరకని చోట ఫోను ఊరకుండదు. జాతరలో తప్పిపోయిన బిడ్డవలె గొంతు పెంచి స్తంభమును పిలుచుచునే యుండును. అట్లు పిలుచుటకు విద్యుత్తు మామూలుకంటె ఎక్కువగా వ్యయమగును. ఆ తల్లి ఫోనును ముట్టుకొనకపోయినను అది తరుగుచునే యుండును. పెట్టెలోని సాకెట్టుకు అప్పటికే యువకుల ఫోనులు వ్రేలాడుచున్నవి. "బాబూ, నాదికూడా కాసేపు పెట్టవా" అని అడుగుటకు ఆమెకు మొగమాటము. తెల్లవారుజామున స్టేషనులో దిగునప్పటికి ఫోను నల్లని పలక. తమ్ముడు వెలుపల ఆటోతో నిలిచియున్నాడు. ఏ పెట్టెలో వచ్చుచున్నదో అతడెరుగడు. ఇది ఊహయే కావచ్చును. కాని ఈ సభలో ఏదో యొక యింటికి ఇది ఊహ కాదు.

ఈ తల్లికి తోడ్పడవలెనన్న ముందుగా పెట్టెలోని సాకెట్టును గూర్చి తెలియవలెను. బండి ఆగినప్పుడు దీపము మసకబారి, కదలగానే వెలుగుట పాత రైళ్లలో తిరిగిన పెద్దలకు జ్ఞప్తి యుండును. పెట్టె క్రింద ఇరుసుకు పట్టీ తగిలించి త్రిప్పెడి డైనమో యుండెడిది. చక్రము తిరిగినంతసేపు అది విద్యుత్తు పుట్టించెడిది, ఆగినప్పుడు బ్యాటరీలు ఆదుకొనెడివి. అనగా సెల్‌ఫోను పుట్టుటకు ఎన్నియో యేండ్లు ముందే రైలుపెట్టె తన ప్రయాణములో తానే చార్జింగు చేసికొనుచుండెను! తరువాత డైనమో స్థానమున 4.5 కిలోవాట్ల ఆల్టర్నేటరు, 110 వోల్టుల బ్యాటరీలు వచ్చినవి. కొత్త నమూనా పెట్టెలకు ఇంజనుమీది తీగెనుండియో, జనరేటరు పెట్టెనుండియో విద్యుత్తు అందుచున్నది. ఐనను ఫోను సాకెట్టులో సాధారణముగా ఉండునది 110 వోల్టులే. ఇంటి గోడలో 230 వోల్టులు. చార్జరు వీపుమీద సన్నని అక్షరములతో 100–240 వోల్టులు అని ముద్రింపబడి యుండుటచేతనే అది రెండుచోట్లను పనిచేయుచున్నది. ఆ అక్షరములు లేని చవుక చార్జరును రైలులో గుచ్చి, ఫోను నిండలేదని టికెట్టు తనిఖీ ఉద్యోగితో వాదించుట న్యాయము కాదు.

లెక్క చూచిన విషయము తేటపడును. పాత స్లీపరు పెట్టెలో 72 పడకలు. అందరును ఒక్కమారు పది వాట్ల చొప్పున ఫోనులు తగిలించినను 720 వాట్లే యగును. అదే యింటిలో టీ నీళ్లు కాచు విద్యుత్ కెటిల్ ఒక్కటే వేయి వాట్లకు పైబడి కోరును. ఫోనుకొరకు అమర్చిన సన్నని తీగెకు అంతటి ఆకలిని తగిలించినచో తీగె వేడెక్కును. 2025 నవంబరులో రైలు సాకెట్టుకు కెటిల్ తగిలించి నూడుల్స్ వండిన ఒక దృశ్యము దేశమంతట వ్యాపింపగా, ఇది నిషిద్ధమనియు శిక్షార్హమనియు రైల్వేవారు మరల హెచ్చరింపవలసి వచ్చినది. సాకెట్టు ఊరి బావివంటిది. చెంబుతో తోడువానిని ఎవరును వలదనరు. గేదెలను దింపువానిని వలదనవలెను.

రాత్రివేళ ఆ బావికి తాళము పడును. ఇది అనేకులకు తెలియదు, తెలిసినవారు విసుగుకొందురు. ఆ నియమము వెనుక ఒక దుఃఖము కలదు. అది జరిగినది తెలుగుగడ్డమీదనే. 2013 డిసెంబరు 28వ తేదీ తెల్లవారుజామున, బెంగుళూరు నుండి నాందేడుకు పోవుచున్న ఎక్స్‌ప్రెస్సులోని ఒక ఎ.సి. పెట్టె అనంతపురము జిల్లా కొత్తచెరువు వద్ద అగ్నికి ఆహుతియైనది. 26 మంది నిద్రలోనే, పొగలోనే ప్రాణములు కోలుపోయిరి. ఆ పిదప, రాత్రి 11 గంటల నుండి ఉదయము 5 గంటల వరకు చార్జింగు సాకెట్టులకు విద్యుత్తు నిలిపివేయవలెనని సూచన వెలువడినది. 2021 మార్చిలో దానిని రైల్వేలు మరల గట్టిగా అమలుపరచినవి. ఫోను తలగడ క్రింద వేడెక్కినను, తీగె రాపిడికి తెగినను, పగటిపూట ఎవరో యొకరు చూతురు. రాత్రి రెండు గంటలకు చూచువారెవరు?

కావున రాయ్‌పూర్‌లో రాత్రి బండి ఎక్కువాడు సాకెట్టును లెక్కలోనికి తీసికొనరాదు. ఇంటివద్దనే నింపుకొని బయలుదేరవలెను. ఇందులో ఖర్చు మాట లేదు. నేటి ఫోను బ్యాటరీ సుమారు 20 వాట్-గంటలు పట్టును. నష్టములు తీసివేసినను ఒక యూనిటు విద్యుత్తుతో నలువది సారులైనను నింపవచ్చును. కోర్బాలో 2,600 మెగావాట్ల కేంద్రము గల రాష్ట్రములో కాపురముండి, సగము నిండిన ఫోనుతో ఇల్లు కదలుట నదిగట్టున నుండి ఖాళీ మరచెంబుతో బయలుదేరుట వంటిది.

ఇక పవర్ బ్యాంకు. దీనిని కొనువారు పెట్టెమీది సంఖ్యను చూచి మోసపోవుచుందురు. 10,000 మిల్లీ ఆంపియర్-గంటలు అనియున్నచో 5,000 గల ఫోనును రెండుమార్లు నింపునని అనుకొందురు. నిజమునకు అది లోపలి 3.7 వోల్టుల లెక్క. అనగా 37 వాట్-గంటలు. 5 వోల్టులకు పెంచునప్పుడును, ఫోనులోనికి ఎక్కునప్పుడును కొంత వేడియై పోవును. చేతికి వచ్చునది ఒకటిన్నర సారులు మాత్రమే. అంగడివాడు అబద్ధమాడలేదు; పాలు కాచిన పిదప కొలిచినట్లు కొలవవలెనని చెప్పలేదు, అంతే. ఒక రాత్రి ప్రయాణమునకు ఇదియే చాలును.

మానాలోని స్వామి వివేకానంద విమానాశ్రయమునుండి పోవువారు వేరొక లెక్క తెలిసికొనవలెను. పవర్ బ్యాంకును చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. అప్పగించు పెట్టెలో పెట్టరాదు. 100 వాట్-గంటల వరకు అనుమతి అక్కరలేదు. అనగా సుమారు 27,000 మిల్లీ ఆంపియర్-గంటలు. అది దాటి 160 వరకు విమానసంస్థ అనుమతితో రెండింటికి మించక తీసికొనిపోవచ్చును. అంతకుమించినది నిషిద్ధము. సామాను గదిలో పొగ పుట్టినయెడల దానిని చూచి ఆర్పుటకు మనిషి యుండడు, చేతిలోనిదైనచో ఉండును. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయములో బయలుదేరబోవు విమానము కాలినప్పుడు, పవర్ బ్యాంకు కారణమై యుండవచ్చునని దర్యాప్తువారు తెలిపిరి. ఆసనముల మీది అరలో కాక ప్రయాణికుని కంటియెదుటనే ఉండవలెనని ఆ దేశమువారు వెంటనే నియమము చేసిరి.

ఈ బ్యాటరీలలో నున్నది లిథియము. 1991లో జపానులో అంగడికి వచ్చిన ఈ జాతి బ్యాటరీకి మూలమైన పరిశోధనలకే గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి లభించినది. ఇది చలికి కొంత మందగించును, ఎండకు మాత్రము చెడును. రాయ్‌పూర్ మే నెల యెండ ఎట్టిదో ఈ సభవారికి వర్ణించి చెప్పనక్కరలేదు. కిటికీ అంచుమీదను, మూసిన కారు ముందుపలకమీదను ఫోనును ఎండబెట్టుట దాని ఆయువును ఎండగట్టుటయే. చార్జింగులో నున్న ఫోనును దుప్పటి క్రిందను, పిల్లల ప్రక్కను పెట్టుట అంతకంటె కీడు.

అమెరికాలో బిడ్డలవద్దకు పోవు తల్లిదండ్రులును ఈ సభలో ఉందురు. అక్కడ 120 వోల్టులు. ప్లగ్గు ముల్లులు బల్లపరుపు. ఫోను చార్జరుకు ముల్లు మార్చు చిన్న సాధనము చాలును. కాని ఇక్కడి ఇస్త్రీపెట్టె, మిక్సీ అక్కడ పనికిరావు. ఐరోపా దేశములు 2024 డిసెంబరు 28 నుండి కొత్తగా అమ్ముడగు ఫోనులన్నిటికి టైప్-సి అను ఒకే నమూనా రంధ్రము ఉండవలెనని శాసించుటచేత, ఇంటిల్లిపాదికి ఒక తీగె చాలు రోజు వచ్చుచున్నది. విమానాశ్రయములలో గోడకు నేరుగా అమర్చిన యు.ఎస్.బి. రంధ్రములను మాత్రము నమ్మరాదు. ఆ తీగెలో విద్యుత్తుతోపాటు సమాచారమును పోవు దారి కలదు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. వారు 2023 ఏప్రిలులో ఇట్టి రంధ్రములను గూర్చి హెచ్చరించిరి. సొంత చార్జరును మామూలు సాకెట్టులో గుచ్చుకొన్నచో ఆ భయము లేదు.

మరల ఆ తల్లి మాటకు. కుమారుడు చేయదగినవి మిక్కిలి కొద్ది. సాయంకాలము ఫోనును మనుమల చేతినుండి తీసికొని నిండుగా చార్జింగు చేయవలెను. బండి ఎక్కించునప్పుడు విద్యుత్తు పొదుపు అమరికను తానే పెట్టియీయవలెను; సంకేతము లేని చోట ఫోనును ఆపి, గమ్యమునకు గంట ముందు తెరువుమని నేర్పవలెను. ఎదుటి పడకవానితో "అమ్మగారి ఫోనుకూడా పదకొండులోపల ఒక గంట పెట్టండి" అని తానే చెప్పిపోవలెను, ఆమె అడుగదు. ఆధార్ కార్డు అసలుది చేతిసంచిలో నుండవలెను. అన్నిటికంటె ముందు, ఒక తెల్లకాగితముమీద పెద్ద తెలుగక్షరములతో పెట్టె సంఖ్య, పడక సంఖ్య, పది అంకెల పి.ఎన్.ఆర్., తన సంఖ్య, మేనమామ సంఖ్య, రైల్వేవారి సహాయ సంఖ్య 139 వ్రాసి, అందులో రెండువందల రూపాయలు మడచి, ఆమె వక్కల సంచిలో పెట్టవలెను. ఆ సంచిని ఆమె నిద్రలోనైనను విడువదు.